కింది దాకా పో బిడ్డా

మా డాక్టరమ్మ పోయారు. మొన్న ఫిల్మ్‌నగర్ షూటింగులో నడుముకి రోప్ కట్టించుకుంటుంటే ఫైట్ మాస్టర్ చెప్పారు. "ఇవాళ దూకొద్దులేమ్మా, ఇంటికెళ్ళు" అన్నారు. కాసేపాగి చెప్తానన్నాను.

నేను హీరోయిన్లకు డూపుని. ఆ మధ్య రోప్ జారి పడ్డాను. విరిగిన కాలు అతుక్కుంది గానీ, మేడ అంచున నిలబడితే అడుగు ముందుకు పడేది కాదు. ఇక ఈ పని నావల్ల కాదనుకున్నాను. మాస్టరే నన్ను శ్రీనగర్ కాలనీలో, మనసుకి వైద్యం చేసే ఈ డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

"కండ్లు మూసుకో. మంచిగ దుంకినట్టు ఊహించుకో. ఏం కనబడ్తుంది?"

"ఏమీ లేదండీ. చీకటి."

నాకు చిన్నప్పటి నుంచీ అంతే. కళ్ళు మూస్తే మా అమ్మ ముఖం కూడా రాదు. అందరికీ ఇంతే కాబోలు, ఊహించుకోమనడం మాటవరసకేమో అనుకునేదాన్ని. సినిమాల్లో బతుకుతూ బుర్రలో ఒక్క బొమ్మ లేదు నాకు! ఈ వైద్యం నాకు పనిచేయదని లేవబోయాను. ఆవిడ నవ్వారు.

"కొందరు గట్లనే ఉంటరు బిడ్డా, ఫికర్ చెయ్యకు. కంటికి రాకుంటే ఒంటికి యాదికుంటది. పాదాల కింద ఏముందో జెప్పు."

"సిమెంటు. కాలుతోంది."

అలా మొదలైంది. నడుముకి బెల్టు బిగుతు, చెవుల్లో గాలి, కింద పరుపు రబ్బరు వాసన. భయంతో నేనెప్పుడూ గాల్లోనే ఆగిపోయేదాన్ని. "సగంల ఇడువకు, కింది దాకా పో" అనేవారు. వీపుకి పరుపు తగిలిందని చెప్పేదాకా కళ్ళు తెరవనిచ్చేవారు కాదు. తెరిచేలోపు చేతిలో వేడి యాలకుల చాయ్ గ్లాసు పెట్టేవారు.

ఆర్నెల్లకి మళ్ళీ దూకాను. ఆ సినిమా ఆవిడకి చూపిస్తే, దూకి లేచిన హీరోయిన్ ముఖం తెరమీదికి రాగానే "గీమె ఎవరు? మా పిల్లేది?" అని హాల్లో గట్టిగా అడిగారు. నాకు అవార్డొచ్చినంత సంతోషమైంది.

మొన్న మేడ అంచు దాకా వెళ్ళి, ఆవిడ ముఖం కోసం కళ్ళు మూసుకున్నాను. రాలేదు, చీకటే. కానీ అరచేతులకి గ్లాసు వేడి తగిలింది. యాలకుల వాసనొచ్చింది. దూకుతానని మాస్టర్‌కి చెయ్యి ఊపాను.

వీపుకి పరుపు తగిలింది. వెంటనే కళ్ళు తెరవలేదు. రెండు చేతులూ గ్లాసు పట్టుకున్నట్టే పెట్టుకుని, కాసేపలాగే పడుకున్నాను.