తాడ్వాయి అడవిలో రెండోసారి పోయిన ఇప్పచెట్లు

పెనుగాలికి తాడ్వాయి అడవి విరిగిపడ్డ ఏడాది అక్కడికి వెళ్లొచ్చాక నాకు చాలా రోజులు అన్నం సహించలేదు. విరిగిన మొదళ్ల నుంచి పిలకలు లేస్తున్నాయని తెలిసి, కనీసం ఆ పచ్చదనం చూసైనా మనసు కుదుటపడుతుందని ఈ ఏప్రిల్‌లో మళ్లీ బయలుదేరాను.

హనుమకొండలో పొద్దున ఆరింటికి బస్సెక్కి, ములుగు మీదుగా తొమ్మిదిలోపే తాడ్వాయిలో దిగాను. టిఫిన్ అక్కడే కానిచ్చి, అడవి దాకా రానుపోను మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. నా హుషారు చూసి డ్రైవర్ రాజు, "జర లేటుగ వచ్చినవన్నా. మా పెద్దమ్మనే అడుగు" అన్నాడు.

అడవి పక్కనే వాళ్ల ఊరి అంచున, ఇప్పచెట్టు కింద రాజు పెద్దమ్మ నర్సమ్మ కూర్చుని ఉంది. ఆమె వెనక నేలంతా నల్లగా కాలిపోయింది. నేను చూడాలని వచ్చిన పిలకలు నడుమెత్తున మాడి నిలబడ్డాయి.

"నా ఇప్పచెట్లన్నీ గాలికి విరిగినయ్, ఇదొక్కటే మిగిలింది. ఏడాదిన్నర సంది ఆ పిలకల మీదికి మేకను రానియ్యలే బిడ్డా. మనుమలకైన పువ్వు దొరుకుతదనుకున్న."

"మరి ఎవరు అంటుపెట్టిన్రు?"

"నేనే."

రాలిన ఆకుల్లో ఇప్పపువ్వు కనబడదు. అందుకే పూలకాలం రాగానే చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకోవడం అక్కడ తాతలనాటి అలవాటు. ఆమె ఆకులు కాల్చిన రోజు గాలి మళ్లి మంట పిలకల మీదికి పోయింది. పచ్చికొమ్మతో కొట్టి ఆర్పబోయిన ఆమె చేతులు ఇంకా మానలేదు.

నాకు కోపం ఆగలేదు. "చెట్టు కింద ఒక పాత చీర పరిస్తే అయిపోతుండె గద పెద్దమ్మా!"

"ఉన్న రెండు చీరలు ఒంటి మీదికే సాలుతలెవ్ బిడ్డా" అందామె.

నా తల కొట్టేసినట్టయింది. రాజు ఒక మొదలు దగ్గర కూర్చుని బెరడు గీకి చూశాడు. "ఇది సచ్చింది పెద్దమ్మా" అన్నాడు. ఆమె లేచి ఇంకో మొదలు చూపించింది. అదీ అంతే.

వేళ్లు బతికుంటే తొలకరికి అడవి మళ్లీ చిగురిస్తుందని పెద్దలంటారు. నిజం కావాలని మొక్కుకుంటున్నాను. కానీ మళ్లీ మొదటి నుంచి మేకలను తోలుతూ కాపలా కాయాల్సింది నేను కాదు, ఆ కాలిన చేతులు. నిప్పు పెట్టింది ఆమే, నిజమే; నాకు మాత్రం ఆమెను తప్పుపట్టే నోరు లేదు.

మీరు వెళ్తే పూలు రాలకముందే, మాఘం దాటకుండా వెళ్లండి. ఇంట్లో మూలపడ్డ పాత చీరలు నాలుగు సంచిలో పెట్టుకోండి. నేను రాత్రి ఇంటికొచ్చి బీరువా తీస్తే పదిహేడు దొరికాయి.