మోచేతికి బెత్తెడు దిగువ

నా చేతి కొలత తప్పిందన్నవాళ్ళు రంగం పట్నంలో ఒక్కరూ లేరు, తాయారమ్మ తప్ప. సంచౌంగ్ బజారులో నేను కనబడితే చాలు, కూరల బుట్ట కింద దించి మరీ తిడుతుంది. నేను తలొంచుకుని పోతాను. కోపం రాక కాదు. నా కోపం సంగతి మా పేటంతా ఎరుగును. కానీ ఆవిడకి జవాబు చెప్పాలంటే చెప్పకూడని పేరొకటి చెప్పాలి.

ఆవిడ పెనిమిటి బంగారయ్య. మా ఇద్దరిదీ కళింగపట్నం పక్కన ఒకే ఊరు. ఒకే స్టీమరెక్కి ఈ బర్మా వచ్చాం. నేను వడ్రంగంలో దిగాను, ఆయన తుపాకుల షాపులో చేరాడు. కలప కంపెనీ దొరలు చలికాలంలో ఏటి అవతల దలా పొలాల మీదికి పిట్టల వేటకి పోతారు. వాళ్ళు కాల్చిన తోటాలు మళ్ళీ ఆ షాపుకే వచ్చేవి. ఖాళీ తోటాలో మందు పోసి, అట్టబిళ్ళ అదిమి, సీసపు రవ్వలు నింపి మూతి మడవడం బంగారయ్య పని. ఆయన నింపిన తోటా పేలలేదన్న మాట నేను వినలేదు.

ఏళ్ళ తరబడి ఆ పనంతా నేల మీద పీటేసుకుని చేశాడు. నడుం వంగిపోయింది. జర్మనీ యుద్ధం అయిన కొన్నేళ్ళకి షాపు దొర వెనకగది ఖాళీ చేయించి, నిలబడి పని చేసుకునే బల్ల వేయిస్తానన్నాడు. ఆ గదికి ఒక మేస్త్రీ ఉంటాడని కూడా అన్నాడు. ఆ మేస్త్రీ ఎవరని అడగాలని బంగారయ్యకి తోచలేదు. ఇంకెవరుంటారు?

ఇక ఎత్తు ఎంతుండాలని నా ప్రాణం తీశాడు. నా కొట్టులో పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి ముందు నిలబడి, ఉత్త చేతుల్ని తోటాలు నింపుతున్నట్టు ఆడించేవాడు. ఎత్తయితే భుజాలు లేచిపోతున్నాయనేవాడు. పల్లమైతే నడుం పీకుతోందనేవాడు. ఇంట్లో తాయారమ్మ పొయ్యి గట్టు దగ్గర కూడా ఇదే భాగోతం ఆడితే ఆవిడ గరిటె తీసిందట.

"ఏటి బావా ఈ యేషాలు, పెళ్ళికొడుకు పీటలెక్కినట్టు" అని సత్యం నవ్వేవాడు.

సత్యం తాయారమ్మ తమ్ముడు. ఊళ్ళో గాలికి తిరుగుతుంటే బంగారయ్యే టిక్కెట్టు పెట్టి రప్పించి, ఇంట్లో ఉంచుకుని, షాపులో తన పక్కనే పీటేసి పని నేర్పాడు. మనిషి వెదురుబొంగులా పొడుగు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టాడు గనక, దొరతో ఏ మాట చెప్పాలన్నా బంగారయ్య అతని నోటితోనే చెప్పించేవాడు.

చివరికి ఒకనాడు ఎత్తు తేలింది. నా కొట్టులోనే సత్యానికి విడమరిచి చెప్పాడు.

"మోచెయ్యి మడిచి నిలబడు. దానికి బెత్తెడు దిగువన ఉండాల బల్ల. అప్పుడే తోటా మూతిలోకి పైనుంచి చూపు పడతాది, మందు పడిందో లేదో తెలుస్తాది. పల్లమైతే నడుం పోద్ది. ఎత్తయితే పేణమే పోద్ది."

ఇంచీల బద్ద దొరల పనికే తీస్తాం మేం. మూరెడు అంటే ఎవరి మూర అని అడిగే జాతి మాది. బల్ల ఎవరిదో వాడి ఒంటికే తాడు పట్టాలి. కొబ్బరితాడు కొస బొటనవేలి కింద తొక్కి, పైకి లాగి, ఎత్తు కుదిరిన చోట ముడి వెయ్యాలి. నాకు అప్పుడే ఇన్సేన్‌లో రైల్వే ఇళ్ళ తలుపుల పని తగిలి అక్కడికి పోయాను. బంగారయ్య ఇంట్లోనే ముడి వేసి, తాడు సత్యం చేతికిచ్చి పంపాడు. బల్ల కాస్త ఎత్తనే తోచింది నాకు. కానీ నిలబడి చేసే బల్ల మావాళ్ళెవరూ అంతకు ముందు చేయించుకోలేదు. మనిషి తన ముడి తాను వేసి పంపాక అనుమానపడటం మర్యాద కాదని, మంచి టేకుతో చేశాను.

బల్ల షాపులో దించిన రోజు బంగారయ్య ఉతికిన పంచె కట్టుకొచ్చాడు. బల్ల కాళ్ళకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. తర్వాత బల్ల ముందు నిలబడ్డాడు. అది ఆయన రొమ్ముకొచ్చింది.

"ఏటి రాజూ, నాను ఇంకా ఎదుగుతాననుకున్నావేటి?" అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. సంచిలోంచి తాడు తీసి చేతిలో పెట్టాను. ఆయన కొస తొక్కి పైకి లాగాడు. ముడి రొమ్ముకే వచ్చింది. దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నా ముడి కాదు" అన్నాడు.

నాకింకా వెలగలేదు. జానెడు కోస్తే సరిపోతుందని రంపం తీశాను.

"కొయ్యకు రాజన్నా" అన్నాడు వెనకనుంచి సత్యం. "అది సరిగ్గానే ఉన్నాది."

బంగారయ్య అతన్ని దగ్గరికి పిలిచాడు. తాడు కొస అతని బొటనవేలి కింద పెట్టి, మోచెయ్యి మడవమన్నాడు. రోజూ చెప్పే పనిలాగే సత్యం మడిచాడు. బంగారయ్య ముడికీ మోచేతికీ మధ్య తన నాలుగు వేళ్ళు పెట్టాడు. వెంట్రుక తేడా లేకుండా పట్టాయి.

"దొరతో ఏటి చెప్పావు?"

"నీ చెయ్యి వణుకుతోందని చెప్పాను బావా. గది నానే చూసుకుంటానన్నాను. దొర నిన్నింక మానిపించమన్నాడు."

ఆయన ముడి మీంచి తన నాలుగు వేళ్ళు తీసుకున్నాడు.

"బెత్తెడు మరిచిపోలేదు. బాగా నేర్చుకున్నావు" అన్నాడు బంగారయ్య.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని విన్నాను గాని, ఆ లెక్క నా తాడుతోనే పెడతారనుకోలేదు. రంపం పట్టుకుని బల్ల మీదికే పోయాను. "బల్లేటి చేసింది?" అని బంగారయ్యే నన్ను ఆపాడు.

ఇద్దరం ఇంటిదారి పట్టాం. ఇల్లు దగ్గరవుతుండగా బంగారయ్య అన్నాడు.

"నువ్వు కొలత తప్పావని, దొరకి కోపమొచ్చి నన్ను తీసేశాడని మా ఇంటిదానితో చెప్తాను. దానికి పుట్టింట మిగిలింది ఆడొక్కడే."

"మరి నా పేరేటైపోవాల?"

అడిగాను గాని, ఆయన మొహం చూసి నేనే ఊరుకున్నాను. ఊరుకోవడమే ఒప్పుకోవడమైంది.

బంగారయ్య దలా రేవులో మూటలు మోసే పనికి కుదిరాడు, ఆ నడుంతోనే. సత్యం మేస్త్రీ అయ్యాడు. పోయిన పని తమ్ముడు నిలబెట్టాడని తాయారమ్మ కోడిని కోసి వడ్డించిందట. బావా బావమరిదీ పక్కపక్కనే కూర్చుని తిన్నారట.

మొన్న బజారులో మళ్ళీ పట్టుకుంది. ఈసారి బంగారయ్య పక్కనే నిలబడి వంకాయలు ఏరుతున్నాడు.

"మా తమ్ముడు దేవుడు కాబట్టి సరిపోయింది. నీ బల్లే కదరా మా ఇంటోడి నడుం ఇరిచింది" అని తిట్టి, మొగుడి వైపు తిరిగింది. "కాదేటి, నువ్వు చెప్పు."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఒట్టి మౌనం చాలనుకున్నాను, అంతకంటే ఏమీ కోరలేదు. ఆయన వంకాయ పుచ్చు ఉందేమోనని తిప్పి చూసుకుంటూ అన్నాడు.

"అవును. కొలత తప్పాడు."