అమెరికాకి ఆట రాదన్నాడు మా అన్న

మొదటి సగం ముగుస్తుండగా నెదర్లాండ్స్ రెండో గోల్ కొట్టింది. మా అన్న సోఫాలో వెనక్కి వాలి తొడ చరుచుకున్నాడు. తమిళనాడులో, గుడియాత్తంలో లుంగీలు నేయించి అమ్మే వ్యాపారం ఆయనది. ఖతార్‌లో ప్రపంచ కప్పు జరుగుతున్న రోజులవి. నేను అమ్మను చూడటానికి వేలూరు నుంచి వచ్చి, ఆమె పక్కన కూర్చుని అనపకాయల్లోంచి గింజలు ఒలుస్తున్నాను.

“దుడ్డుంటే చాలునా?” అన్నాడు టీవీకేసి చెయ్యి చూపిస్తూ. “పోయినసారి కప్పులో ఆడేదానికే దిక్కు లేకపోయె. ఈసారి వచ్చినారు, ఇంటికి పోయేదానికి రెడీగా ఉండారు. ఫుట్‌బాల్ అనేదానికి కూడా నామోషీ, సాకరంట. వచ్చేసారి వాళ్ళ దేశంలోనే పెట్టినా కప్పు ముట్టుకోలేరు. అమెరికాకి ఈ ఆట రాదు.”

“ఏ అమెరికాకి రాదన్నా?” అన్నాను.

“ఎన్ని అమెరికాలు ఉండాయి?”

“జట్లు రెండు ఉండాయి. వాళ్ళ ఆడోళ్ళు నాలుగు తూర్లు కప్పు గెలిచినారు. కడాతూరి గెలిచినప్పుడు ఫైనల్లో ఓడించింది ఈ నెదర్లాండ్స్‌నే.”

“ఆడోళ్ళ ఆట గురించి ఇక్కడ ఎవురు మాట్లాడినారు?”

నా చేతులు ఆగిపోయాయి.

చిన్నప్పుడు నేను వేలూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను. బడి ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్ని. జిల్లా జట్టు ఎంపికకు పంపుతానని మా పీటీ టీచరమ్మ మాటిచ్చింది. దానికి కొద్ది రోజుల ముందు ఆర్కాడు బడితో మా మైదానంలో ఆట జరిగింది. రెండో సగంలో అన్న గేటు దగ్గర మోటార్‌సైకిల్ ఆపి, గీత దాటి, నేరుగా ఆటలోకి నడిచి వచ్చాడు. బంతి నా కాళ్ళ దగ్గరే ఉంది. విజిల్ ఊదుతూనే ఉన్నారు. నా మణికట్టు పట్టుకుని, “నిక్కరేసుకొని నలుగురి ముందర ఎగిరింది చాలు” అన్నాడు. అడ్డొచ్చిన టీచరమ్మతో, మా ఇంటి బిడ్డ, మీకేం పని అని తమిళంలో అన్నాడు. ఆర్కాడు పిల్లలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. జాలిగా చూశారు. అన్న నన్ను పిన్నమ్మ ఇంటికి కూడా పోనివ్వలేదు, ఆట బూట్లతోనే గుడియాత్తం తీసుకొచ్చాడు. నాన్న మగ్గం మీంచి లేవలేదు. అన్న చెప్పినాడు గదమ్మా అన్నాడు, అంతే.

ఆ అన్నే ఇప్పుడు అమెరికాకు ఆట రాదంటున్నాడు.

“వాళ్ళ మగోళ్ళు గెలుస్తారో లేదో నాకు తెలీదు” అన్నాను. “అక్కడ పిల్లోళ్ళు మంచి జట్టులో ఆడాలంటే అమ్మానాయన దుడ్డు కట్టాలంట. లేనోళ్ళ బిడ్డలు యాడ ఆడతారు? అదట్లుంటే ఆ జట్టు పైకి వచ్చేది కష్టమే. ఆడబిడ్డలు ఎందుకు గెలిచినారో మాత్రం తెలుసు. బడిలో మగపిల్లోళ్ళతో సమానంగా వాళ్ళకీ ఆటలు ఉండాలని చట్టం తెచ్చినారు. మైదానంలోకి వచ్చి ఎవురూ చెయ్యి పట్టుకొని లాక్కొని పోలేదు.”

వదిన టీవీ శబ్దం తగ్గించింది.

“ఇన్నేండ్లకా ఇది?” అన్నాడు అన్న. “నీ మంచికే చేస్తిని. ఆడుంటే ఏం పొడిచుందువు?”

“తెలీదు. నువ్వు తెలుసుకోనియ్యలేదు.”

“సుమ్మా ఉండండప్పా, చాలు” అంది అమ్మ. “ఎవురో ఆడే ఆటకి మనింట్లో కొట్లాటా?”

నేను లేచి సంచీ తీసుకున్నాను. బస్టాండు దాకా దింపుతానని అన్న అనలేదు, దింపుతానన్నా నేను బండి ఎక్కేదాన్ని కాదు. వేలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చేతులకు ఇంకా అనపకాయల వాసన వస్తోంది. అమెరికా ఓడిపోయిందని మర్నాడు తెలిసింది.

ఆ వారమే అన్న మా ఆయనకు ఫోన్ చేశాడట, ‘పెద్దవాణ్ణి కదా, తప్పయిందని ఒక మాట చెప్పి సర్దుకోమను’ అని. మా ఆయన ఆ కబురు నాకు చెప్పాడు. నేను అన్నకు ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడు అమ్మను చూడాలంటే అన్న కొట్టుకు పోయిన వేళ చూసుకుని వెళ్తాను.

అమెరికా మగవాళ్ళ జట్టు మీద నాకు ప్రేమేమీ లేదు. అయినా వాళ్ళ ఆట వస్తే తప్పకుండా చూస్తాను. వాళ్ళు గోల్ కొట్టినప్పుడల్లా గుడియాత్తంలో ఒకరి ముఖం మాడిపోతుందని నాకు తెలుసు.