తొంభై నాలుగు అని చెప్పిన క్లిప్పు

కరోనా వచ్చిన ఆ ఏప్రిల్లో డెట్రాయిట్ ఆసుపత్రుల్లో శ్వాస యంత్రాలు నడిపేవాళ్లకు కంటిమీద కునుకు లేదు. వెర్లీన్ గేథర్స్ ఇరవై రెండేళ్లుగా ఆ పనే చేస్తోంది. ఒకే మాస్కును వారాల తరబడి ఆరబెట్టి వాడగా వాడగా చివరికి ఆమెకే ఆ జ్వరం పట్టుకుంది. ఐదో రోజు నాలుగు మెట్లు ఎక్కేసరికి ఎగశ్వాస వచ్చింది. పాత కోటు తొడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని తన ఆసుపత్రికే వెళ్లింది.

కొత్తగా వచ్చిన డాక్టర్ హాల్వర్సన్ ఆమె వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టాడు.

"ఆక్సిజన్ తొంభై నాలుగు. బానే ఉంది. ఇంటికెళ్లి పడుకోండి."

"మా నల్లవాళ్ల చర్మం మీద ఆ క్లిప్పు ఎక్కువ చూపిస్తుందండీ. మణికట్టు దగ్గర రక్తం తీసి చూడండి."

"ఫోన్లో చదివారా?"

పక్క కుర్చీలో బస్సు డ్రైవర్ క్లీటస్ బూన్ దగ్గుతున్నాడు. అతనికీ తొంభై నాలుగే వచ్చింది, అతన్నీ పొమ్మన్నారు.

"పోదాం పద చెల్లెమ్మా. వీళ్లతో వాదించి గెలిచినోడెవడు?" అంటూ గోడ పట్టుకుని వెళ్లిపోయాడు. ఆపడానికి వెర్లీన్‌కు ఊపిరి చాలలేదు.

ఆమె మాత్రం కదల్లేదు.

"సెక్యూరిటీని పిలవమంటారా?" అన్నాడు హాల్వర్సన్.

అటుగా వచ్చిన నర్సు ట్వైలా నిలబడిపోయింది. "వెర్లీనక్కా, నువ్వా?"

అప్పుడు తీశారు రక్తం. అందులో ఆక్సిజన్ ఎనభై ఒకటే.

పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. కాస్త తేరుకున్నాక హాల్వర్సన్ నవ్వుకుంటూ మంచం దగ్గరికి వచ్చాడు.

"మీరు మా ఆసుపత్రి మనిషని తెలిస్తే అప్పుడే తీసేవాణ్ని కదా."

అదే క్షమాపణ అనుకుంటున్నాడు కాబోలు.

"మీ మనిషిని కాకపోతే? ఆ డ్రైవర్ ఏమయ్యాడు?"

"ఏ డ్రైవర్?"

సాయంత్రం ట్వైలా చెప్పింది. రెండు రోజులకు అంబులెన్సులో తెచ్చారట, అప్పటికే ప్రాణం పోయిందట.

వెర్లీన్ ఫిర్యాదు రాసిచ్చింది. 'మాట పట్టింపు వల్ల కలిగిన అపార్థం' అని ఆసుపత్రివాళ్లు జవాబిచ్చి ఫైలు మూసేశారు. ఆ ముక్క చదివి చేతులు కడుక్కుంది, మురికి అంటినట్టు.

జూన్‌లో పనికి వచ్చింది. ఆయాసంతో నల్లమనిషి ఎవరొచ్చినా, రక్తపరీక్ష కాగితం పట్టుకుని హాల్వర్సన్ ఎదుట నిలబడేది.

"మళ్లీనా?"

"మళ్లీనే. సంతకం పెట్టండి."

ఆమె మొహం చూడకుండానే పెట్టేవాడు.