ఎర్రగీతకు పైనున్న అంకెలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో, మా నీటి పరీక్షల ల్యాబ్‌కు ఫ్లోరైడ్ మీటరు వచ్చింది. అప్పటికి పన్నెండేళ్లుగా అక్కడ కెమిస్టును నేనే. అంతవరకు మాది రంగు పద్ధతి: నీటిలో ఎర్రటి మందు కలిపితే, ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ రంగు వెలుస్తుంది, వెలిసినదాన్ని బట్టి అంకె వేస్తాం. మీటరుకు కొత్త అల్లుడికి చేసినట్టు మర్యాదలు చేశాను. పాత సీసాలను బీరువాలోకి నెట్టి, అదే రిజిస్టర్లో, కింది వరుసలోనే కొత్త అంకెలు రాసుకుంటూ పోయాను.

రెండు నెలలకు చండ్రుగొండ అవతలి ఒక గూడెం చేతిపంపు అంకె తాగదగిన హద్దు దాటి ఒక్కసారిగా పైకి లేచింది. ఆ వేసవిలోనే పక్క పొలంలో వెంకట్రావు గారు లోతు బోరు వేయించారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు. ఆ బోరే నీళ్లు పాడుచేసిందని గూడెం తేల్చేసింది. దాన్ని మూయించాలని మా ఇంజినీరు నోటు రాసి నా సంతకానికి పంపారు. వెంకట్రావు గారి పామాయిల్ తోటంతా ఆ బోరు మీదే ఉంది.

వెంకట్రావు గారు ల్యాబ్‌కు వచ్చారు. గొడవ పడలేదు.

"నా బోరే కారణమైతే నేనే మూసేస్తానండి. కానీ మీరు గట్టిగా చెప్పండి" అన్నారు.

గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బీరువా తెరిచాను.

అదే పంపు నీటికి రంగు పద్ధతి పాత అంకే చూపింది, మీటరు కొత్త అంకే చూపింది. అక్కడి నీటిలోని అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. మీటరు పరీక్షలో కలిపే ద్రావణం దాన్ని విడిపిస్తుంది, రంగు మందు విడిపించలేదు. అందుకే ముందు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టి, ఆ తరువాతే రంగు మందు వేయాలి. నమూనాకు గంట పని. బల్ల నిండా సీసాలుంటే ఆ మెట్టు ఎగ్గొట్టడం నాకు అలవాటైపోయింది. ఈసారి ఎగ్గొట్టకుండా చేస్తే అంకె మీటరుతో సరిపోయింది.

నోటు వెనక్కి పంపాను. బోరు తప్పేం లేదు, నీళ్లు మునుపటిలాగే ఉన్నాయని గూడేనికి వెళ్లి చెప్పాను. అంగన్‌వాడీ ఆయా లక్ష్మమ్మ అంతా విన్నది.

"నీళ్లు మారలేదంటున్నరు, మంచిదే సారూ. మరి గిన్నేండ్లు మా పిల్లలు తాగినయి గివేనా?"

అవునన్నాను. తాగకూడదన్న గుర్తుగా పంపుకు ఎర్ర రంగు వేయించి, తాగే నీళ్లకు ట్యాంకరు పెట్టించాను.

పద్ధతి మార్చేటప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే నీటి మీద కొన్ని నెలలు నడపాలి. మారిన రోజున రిజిస్టర్లో ఎర్రగీత గీయాలి. నేను ఆలస్యంగా గీశాను. దానికి పైనున్న పన్నెండేళ్ల అంకెల పక్కన "తక్కువ చూపినవి" అని రాసి, కింద సంతకం పెట్టి, ఆ రిజిస్టరునే నా తరువాత వచ్చినవారికి అప్పగించాను.