మడత పెట్టిన పటం

మిరుగం కార్తె పోయాక వచ్చిన మంగళవారం, పొద్దున పది గంటల ముప్పై అయిదు నిమిషాలకు, తంగళ్ళపల్లి అవతల ఒక ఊళ్ళో, ఒక పటేలు ఇంటి వాకిట్లో పాత టేకు సందుగ మూత లేచింది. టైము ఫోన్లో చూసి మరీ గుర్తు పెట్టుకున్నాను. ఆ మూత ఎప్పుడు లేస్తుందా అని యాభై ఎనిమిదేళ్ళు చూశాను నేను.

నాది పాత చెక్క సామాను కొని అమ్మే పని. కోరుట్లలో రోడ్డు మీద రేకుల షెడ్డు ఉంది. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఎక్కడ పాత ఇల్లు కూల్చినా నాకు కబురు వస్తుంది. దుబాయి డబ్బుతో స్లాబు వేసుకునే వాళ్ళకు టేకు దూలాలు అడ్డం. దర్వాజలు, స్తంభాలు, ఉయ్యాల బల్లలు, పెళ్ళిపీటలు, చెక్క బొమ్మలు, ఏది దొరికితే అది తెస్తాను. హైదరాబాదు వాళ్ళు కార్లలో వచ్చి కొనుక్కుపోతారు. చెదలు తిన్న చోటు చూపిస్తే ఇంకా మురిసిపోతారు. వాళ్ళ ఇష్టం.

నాకు పాత వస్తువుల మీద ప్రేమ అని కొందరు అనుకుంటారు. ప్రేమ లేదు, గీమ లేదు. ఈ వ్యాపారంలోకి దిగిందే ఆ ఒక్క ఇంట్లో కాలు పెట్టడానికి. మా బోటివాళ్ళు పని అడగడానికి పోతే వాకిట్లోనే నిలబడాలి. పాతసామాన్లు కొనేవాడు పోతే వాళ్ళే పిలిచి వెనకింట్లోకి తీసుకుపోయి, దీపం పట్టి చూపిస్తారు. ఈ సంగతి హమాలీ చేసే రోజుల్లోనే కనిపెట్టాను.

మా ఇంటి పని కథ చెప్పడం. నేత పని చేసే సాలోళ్ళకు వాళ్ళ కులం పుట్టిన కథ చెప్పేవాళ్ళం. ఎర్రటి రంగు మీద బొమ్మలు వేసిన పొడుగాటి బట్ట పటం ఉండేది. బొమ్మ తరువాత బొమ్మ విప్పుకుంటూ మా నాయన పాడేవాడు. మాకు ఆ పటం మనిషి లెక్క. ముసలిదైతే ధర్మపురి తీసుకుపోయి, మనిషికి చేసినట్టే అన్నీ చేసి గోదావరికి ఇవ్వాలి. పాతది గంగకు పోనిదే కొత్తది గీయించకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పటం విప్పిన చోట ఎవరూ ఎత్తు మీద కూర్చోకూడదు. ఎంతటివాడైనా నేల మీదే.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ ఊళ్ళో కథ పెట్టారు. ఊరు పటేలుది కాబట్టి ఆయన వాకిట్లోనే చెప్పాలి. ముసలి పటేలు పడక కుర్చీ వేయించుకుని కాళ్ళు చాపాడు. మా నాయన పటం విప్పకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పటేలా, కథ అయిందాంక జరంత కింద కూసోవాలె. మా పద్ధతి గది.”

“నా వాకిట్ల నేనెక్కడ కూసోవాల్నో నువ్వు చెప్తవార?”

“నేను చెప్తలేను పటేలా. పటం చెప్తది.”

పటేలు కోప్పడలేదు. నవ్వాడు. జీతగాడిని పిలిచి పటం ఎత్తుకుపోయి లోపల పెట్టమన్నాడు. “పో. నేను కుర్సీ దిగినంక పిలుస్త, అప్పుడొచ్చి తీస్కపో” అన్నాడు. వాకిలి నిండా జనం. వాళ్ళూ నవ్వారు.

ఆయన ఆ పటాన్ని చింపేసి ఉంటే మా నాయన ఏడ్చి, చేయాల్సింది చేసి, ఇంకోటి గీయించుకునేవాడు. పటేలుకు మా కట్టుబాట్లన్నీ తెలుసు. అందుకే చింపలేదు. జాగ్రత్తగా సందుగలో పెట్టి తాళం వేశాడు. పటం బతికి లేదు, చావలేదు. మా నాయన ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు సిరిసిల్ల మగ్గాల దగ్గర నూలు మోశాడు. ఒక్క చరణం పాడలేదు. నేను బడి మొహం చూడలేదు. మూటలెత్తే ఒళ్ళు వచ్చీ రాగానే హమాలీలో పడ్డాను.

యాభై ఏడేళ్ళ వయసులో నా బిడ్డ నాకు అక్షరాలు నేర్పింది. బస్సుల మీది ఊళ్ళ పేర్లతో మొదలుపెట్టింది. ఇప్పటికీ ఒత్తులు రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. రాయడం మాత్రం వచ్చు.

ఎనిమిదేళ్ళ కింద ఆ ఇంటి గడప తొక్కేసరికి ముసలి పటేలు పోయి చాలా కాలమైంది. అదొక్కటి నా కర్మ. కొడుకు ఉన్నాడు, నా ఈడువాడే. నన్ను గుర్తుపట్టలేదు. పాతసామాన్లాయన వచ్చిండని చాయ్ ఇప్పించాడు. మొదట పడక కుర్చీ అమ్మాడు. దాన్ని హైదరాబాదు వాళ్ళు అడిగినా ఇవ్వలేదు. కోరుట్లలో మా హమాలీలు చాయ్ తాగే కొట్టు ముందు వేశాను. మూటలు దించి వచ్చినవాడు దాంట్లో కాళ్ళు చాపుకుని బీడీ తాగుతాడు. మరుసటి ఏడు ఉయ్యాల బల్ల ఇచ్చాడు. నాలుగు వేళ్ళ మందం, ఒకటే చెక్క. మటన్ కొట్టుకు ఇచ్చాను, బొక్కలు నరకడానికి మంచిగా పనికొచ్చింది.

ఒకసారి ఆయనే అడిగాడు. “మా నాయన కుర్సీ ఎవలు కొన్నరయ్యా?”

“మస్తు బరువు మోసేటోళ్ళు పటేలా. దినాం కూసుంటున్నరు.”

“పెద్దోళ్ళే అయ్యుంటరు” అని సంతోషపడ్డాడు.

సందుగ మాత్రం ఏడేళ్ళు కదలనివ్వలేదు. తాళంచెవి ఆయన తల్లితోనే పోయిందట. లోపల దుప్పట్లు తప్ప ఏం లేవనేవాడు, అమ్మమంటే మాట దాటేసేవాడు. ఈ ఏడాది కొత్త ఇంటికి ముగ్గు పోశారు, పాతిల్లు కూల్చాలి. అప్పుడు ఫోన్ చేశాడు. కాని తాళం పగలగొట్టి లోపల చూసుకున్నాకే ఇస్తానన్నాడు.

ముందే చూసుకుంటే పటం నా చేతికి రాదు. పైకి మాత్రం వ్యాపారం మాటే మాట్లాడాను. “తాళం పలిగితే నాకొద్దు. పాత తాళం సక్కగుంటేనే సందుగకు ఇజ్జత్. వడ్లాయనను తోల్కొస్త, ఎనుకనుంచి బందులు ఊడవీకుతడు. బంగారం, వెండి, భూమి కాయిదాలు ఎల్లితే మీయే. రాసిస్త.” మా పనిలో ఇది మామూలే. తాళం తెగిన సందుగను ఎవరూ ముట్టరు.

ఆ మంగళవారం నా బిడ్డ, నేను, జగిత్యాల నుంచి వడ్రంగం చేసే వడ్లాయన, ట్రాలీ ఆటోతో ఇద్దరు హమాలీలు వెళ్ళాం. వాకిట్లోనే సందుగ పెట్టించి నేను రాసిన కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని దూరం పెట్టి చూసి నవ్వాడు.

“ఇది రాతనా, కోడి గీరిందా? సదువుతే నా కండ్లు పోతయ్.”

“బంగారం, వెండి, కాయిదాలు మీయే అని రాసిన పటేలా.”

“గది చాలు. ఏడ వెట్టాలె సంతకం?”

పెట్టాడు. కింద ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. సందుగలోని బట్టలు, బొమ్మలు, రంగులు వేసినవి ఏవి ఉన్నా కొన్నవాడివే అని. అవి నేను చదివి వినిపించలేదు, ఆయన అడగలేదు. మావాళ్ళ వేలిముద్రలు ఎన్ని వాకిళ్ళలో ఇట్లాగే పడ్డాయో నాకు తెలుసు. మోసమంటారా, అనండి.

వడ్లాయన మూత వెనక ఇనుప బందులు ఊడదీశాడు. మూత లేచింది. రెండు దుప్పట్లు, ఒక ఇత్తడి తాంబాళం, పొడిపొడి అయిన వేపాకు. అన్నిటి అడుగున మా ఎర్ర రంగు కనిపించింది. చీర మడత పెట్టినట్టు ఎనిమిది మడతలు పెట్టారు. పటాన్ని చుట్టాలి. మడత పెడితే రంగు విరుగుతుందని మా ఇళ్ళలో పాకే పిల్లకు కూడా తెలుసు. దాచుకోవడం కూడా రాలేదు వీళ్ళకు.

“నాయినా, గిదేనా?” అంది నా బిడ్డ.

నేను జవాబు చెప్పేలోగా వడ్లాయన నోరు జారాడు. “అబ్బో, పటం పటేలా. హైదరాబాదుల కారు రేటు పలుకుతది.”

పటేలు కొడుకు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచాడు. “ఆగాగు. సందుగ తీస్కపో. గది మా ఇంటిది, ఈడ వెట్టు.”

నేను కాగితం తీశాను. వేలు కింద పెట్టుకుని మొదటి నుంచి చదివాను. మెల్లగా, గట్టిగా, ఒత్తు దగ్గర ఆగుతూ. ఎవరూ తొందర పెట్టలేదు. చివరి రెండు వరుసలు రెండుసార్లు చదివాను.

“నేను సదువలే గదా గది” అన్నాడు.

“సదివితే కండ్లు పోతయంటిరి.”

“ఎవనివయ్యా నువ్వు?”

“మీ నాయనను కుర్సీ దిగుమన్నాయన కొడుకును.”

ఆయనకు వెంటనే గుర్తొచ్చింది. ఎందుకు గుర్తుందో కూడా చెప్పాడు. “గా కథనా? మా నాయన పెండ్లిళ్ళల్ల చెప్పి నవ్విస్తుండె.” అన్నాక తానే నోరు మూసుకున్నాడు. మా నాయన నూలు మోస్తున్న ఆ పద్దెనిమిదేళ్ళూ వీళ్ళు పెళ్ళి విందుల్లో నవ్వుకున్నారన్నమాట. నాకు అప్పటిదాకా కొంచెం జాలి ఉండి ఉంటే, అక్కడితో పోయింది.

ఆయన భార్య గడప దగ్గరకు వచ్చి నిలబడి అంతా వింది. “ఇచ్చెయ్యుండ్రి. అత్తమ్మ ఉన్నన్ని దినాలు ఏడాదికోసారి వేపాకు మార్చేది. ఎవలదో ఉసురున్నది దీంట్ల అంటుండె. ఇల్లు కట్టుకునే ముంగట మనకెందుకిది?”

ఉసురు మాట వినేసరికి ఆయన ముఖం మారింది. “సరే తీస్కపో” అన్నాడు.

“తీస్కపోత. మడతలు మాత్రం నేను విప్ప. వెట్టినోళ్ళే విప్పాలె” అన్నాను. ఇది మా కట్టుబాట్లలో లేదు. అప్పటికప్పుడు నేను పెట్టిందే.

ఆయన కుర్చీ జరుపుకుని వంగబోయాడు.

“కుర్సీల కూసోని గాదు.”

“మోకాళ్ళు వంగయయ్యా నాకు.”

“మెల్లగనే వంగుండ్రి. నాకేం తొందర లేదు.”

ఆయన భార్య వచ్చి ముందు తాను నేల మీద కూర్చుంది. తరువాత ప్లాస్టిక్ కుర్చీ కాలు పట్టి అవతలికి లాగేసింది. వడ్లాయన భుజం పట్టుకుని ఆయన దిగాడు. పూర్తిగా కింద ఆనేదాకా చూశాను. ఒక్కొక్క మడత విప్పుతుంటే రంగు పెచ్చులు ఆయన ధోతి మీద రాలాయి. మూడో మడత దగ్గర ఆగితే, ఇంకా ఉన్నాయన్నాను.

“నాయినా, ఇగ చాలు” అని నా బిడ్డ చెవిలో అంది.

“చాలలేదు బిడ్డా.”

అంతా విప్పాక నన్ను కథ చెప్పమంటాడేమో అనుకున్నట్టు చూశాడు. మొదటి చరణాలు నాకు వచ్చు. ఆ ఇంటికి చెప్పలేదు. తెచ్చుకున్న ప్లాస్టిక్ పైపుకు పటం చుట్టుకున్నాను.

“తప్పైందనుకో” అన్నాడు నేల మీద నుంచే.

“అనుకోను” అన్నాను.

లేవడానికి చెయ్యి చాపాడు. నా రెండు చేతుల్లో పటం ఉంది. లేకపోయినా ఇచ్చేవాడిని కాదు. సందుగను అక్కడే వదిలేశాను, మూత ఒకవైపు, పెట్టె ఒకవైపు.

అక్కడి నుంచి నేరుగా ధర్మపురి పోయాం. మా నాయన చేయవలసినవన్నీ నేను చేసి పటాన్ని గోదావరికి ఇచ్చాను. ఈ సంగతి తెలిసి హైదరాబాదు ఆయన ఒకడు ఫోన్లో నన్ను అరగంట తిట్టాడు, తిట్టనిచ్చాను. అంత పగ ఎందుకయ్యా, కొడుకేం చేశాడు అని అడిగినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ తండ్రుల మీద ఎవరూ పెళ్ళిళ్ళలో నవ్వలేదు. నా కడుపు చల్లబడింది. లేదని చెబితే అబద్ధం.

రేపు ఎవరైనా అట్లా జరగలేదంటే పనికొస్తుందని, ఆ వాకిట్లో ఉన్నవాళ్ళను రాసి పెడుతున్నాను. పటేలు కొడుకు. ఆయన భార్య. జగిత్యాల వడ్లాయన. ఇద్దరు హమాలీలు, ఒకాయనది తంగళ్ళపల్లి, ఇంకొకాయనది కోరుట్ల. నా బిడ్డ. నేను. పక్కింటి గోడ మీంచి చూసిన ఆడవాళ్ళు ఇద్దరు, వాళ్ళెవరో నాకు తెలియదు.