ఫోటో ముందు సీసా

శామియానా వాళ్లు కాలు వంకరపోయిన కుర్చీని ఎప్పుడూ నాకే వేస్తారు. మా చిన్నాన్న కొడుకు పెద్దకర్మకీ అదే జరిగింది. అతను తాగి బండి నడుపుతూ కొడవలూరు దగ్గర హైవే పక్కన ఆగి ఉన్న లారీని గుద్ది పోయాడు. చుట్టాలందరూ లారీవాడినే తిడుతున్నారు. లారీ చేసిన నేరమల్లా కదలకుండా ఉండడమే.

పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెట్టడం మా ఇళ్లలో ఆచారం. గారెలు, చేపల పులుసు పక్కన అతని తమ్ముడు భక్తిగా ఒక క్వార్టర్ సీసా పెట్టాడు. మనిషిని చంపినదాన్నే మళ్లీ వడ్డించడం నాకు కొంచెం అతి మర్యాదగా తోచింది. అందరూ దండం పెట్టుకోగానే, వృథా పోకూడదని ఆ తమ్ముడే సీసా ఖాళీ చేసి, బండి తాళం తిప్పుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"రా అన్నా, కావలి బస్టాండులో దింపుతా. ఒక్క క్వార్టరు నన్నేం చేస్తాది?"

సిగ్గులేని మొహమాటంతో నేను లేచాను. వాకిట్లో నిలబడ్డ మా మరదలు, పోయినవాడి భార్య, నన్ను ఎగాదిగా చూసింది.

"పోండి బావా. మీకేమేమి ఇష్టమో చెప్పి పోండి, ఫోటో ముందర పెట్టాల గదా."